పుట్టుమచ్చ చెరపని చిత్రకారుడు - లియోతార్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏటా ఒక ప్రముఖుని జీవితం రాసే పని నాకు అప్పగిస్తున్నారు. ఇదివరలో దేశనాయకుల గురించి, సంఘసంస్కర్తల గురించి రాశాను. ఈసారి ఒక చిత్రకారుని గురించి, అందులోనూ ఎక్కడో స్విట్జర్లండు వాని గురించి రాస్తానంటే మన కార్యదర్శిగారు ఆశ్చర్యపోయి, అతనికీ మనకూ ఏమి సంబంధమండీ అని అడిగారు. సంబంధం ఉంది. అది సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో ఉంది.

ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో పనిచేసిన వారికి వేరే చెప్పనక్కరలేదు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, ఆ తరువాత శరీరంపై గుర్తింపు చిహ్నములు. 1974 నుంచి 2007 దాకా నేను ఎంతమంది పుట్టుమచ్చలు రాశానో లెక్కలేదు. ఎడమ చెంపపై పుట్టుమచ్చ, కుడి మోకాలి కింద పాతగాయపు మచ్చ, ఇలా. ఒకసారి ఒక పై అధికారి తన ముఖం మీది స్ఫోటకపు మచ్చలు రాయవద్దని, మోచేతి మీద ఎక్కడో ఉన్న చిన్న మచ్చ రాసుకోమని చెప్పారు. ఆయన చెప్పినట్టే రాశాను. అబద్ధం కాదు గదా అని సర్దిచెప్పుకున్నాను. కాని ఆయనను చూసినవాడెవడూ మోచేతిని బట్టి గుర్తుపట్టడు.

ఇటువంటి సందర్భం వస్తే నేను చెప్పబోయే మనిషి ఒప్పుకునేవాడు కాదు. పేరు జాఁ ఎతియేన్ లియోతార్. 1702 డిసెంబరు 22న జెనీవాలో పుట్టాడు. కవలపిల్లలలో ఒకడు. తోడబుట్టిన జాఁ మిషెల్ కూడా ఆ విద్యలోకే వచ్చి రాగిరేకుల మీద బొమ్మలు చెక్కేవాడయ్యాడు. తండ్రి ఆంత్వాన్ నగల వర్తకుడు. వీరి స్వస్థలం ఫ్రాన్సు దేశంలోని మోంతెలిమార్. 1685లో పద్నాలుగవ లూయీ రాజు ప్రొటెస్టెంటులకు అంతకుముందున్న రక్షణను రద్దు చేయగా ఇల్లూ వాకిలీ వదలి సరిహద్దు దాటిన వేలాది కుటుంబాలలో వీరిదొకటి.

ఇక్కడ గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోలేక ఒక సవరణ చెబుతున్నాను. పుస్తకాలన్నీ ఇతనిని స్విస్ చిత్రకారుడనే రాస్తాయి. కాని ఇతని జీవితకాలమంతా జెనీవా విడిగా ఒక చిన్న గణరాజ్యం. అది స్విస్ సమాఖ్యలో కలిసింది 1815లో. అప్పటికి ఇతను పోయి ఇరవై ఆరేళ్ళు. లోకల్, నాన్ లోకల్ తగాదాలు చూసిన మనకు ఇది కొత్తగాదు. ఇతను మాత్రం తనను జెనీవా పౌరునిగానే చెప్పుకునేవాడు.

చిన్నప్పుడు నేర్చినది ఎనామిల్ మీద సూక్ష్మచిత్రాలు వేయడం. బొటనవేలంత స్థలంలో మనిషి ముఖం, కనుబొమలతో సహా వేయాలి. నగల కొట్లో పెరిగిన పిల్లవానికి కన్ను, చెయ్యి రెండూ అక్కడే కుదిరాయి. ఇరవయ్యేళ్ళ వయసులో, 1723లో, పారిస్ చేరి మాసే అనే సూక్ష్మచిత్రకారుని దగ్గర మూడేళ్ళు పనిచేశాడు. అక్కడి రాజకీయ అకాడమీలో ప్రవేశం దొరకలేదు. పురాణకథలను, యుద్ధాలను పెద్దపెద్ద గుడ్డల మీద వేసేవారికే ఆ రోజులలో పెద్దపీట. చూసిన ముఖాన్ని చూసినట్టు వేసేవానిది కింది వరుస. ఈ తలుపు ఇతనికి ఆఖరుదాకా తెరుచుకోలేదు. ఆ పరాభవం మనసులో పెట్టుకున్నాడో లేదో గాని, ఊరు మాత్రం విడిచాడు. 1735లో ఒక ఫ్రెంచి రాయబారి వెంట ఇటలీ వెళ్ళాడు. రోములో పన్నెండవ క్లెమెంటు పోపుగారి చిత్రం, కొందరు కార్డినళ్ళ చిత్రాలు వేశాడు.

అక్కడ విలియం పాన్సన్‌బీ అనే ఇంగ్లీషు ప్రభువు కుమారునితో పరిచయం కలిగింది. ఈ యువకుడు తూర్పు దేశాలు చూడబోతూ, చూసినవాటిని బొమ్మలు వేసి పెట్టడానికి ఒక మనిషి కావాలనుకున్నాడు. కెమెరా లేని కాలం. 1738లో ఓడ ఎక్కారు. గ్రీకు దీవులు, స్మిర్నా చూసుకొని కాన్‌స్టాంటినోపుల్, అంటే నేటి ఇస్తాంబుల్, చేరారు. యాత్రకని వెళ్ళినవాడు నాలుగేళ్ళు అక్కడే ఉండిపోయాడు.

ఆ నాలుగేళ్ళ పని నాకు చాలా ఇష్టం. నల్ల సుద్ద, ఎర్ర సుద్ద, కాగితం, ఇంతే సరంజామా. దివాన్ మీద కాళ్ళు ముడుచుకు కూర్చున్న మనిషి, స్నానశాలకు పోతూ ఎత్తు చెక్కచెప్పులు తొడుక్కున్న స్త్రీ, వాద్యగాండ్రు, తివాసీ మీద నకాషీ, పైజామా మడత. తురక స్త్రీలు పరాయి మగవాని ఎదుట కూర్చోరు. కనుక అక్కడ స్థిరపడిన ఐరోపా కుటుంబాల ఆడవారిని, స్థానిక క్రైస్తవ స్త్రీలను ఆ దేశపు దుస్తులలో కూర్చోబెట్టి వేశాడు. పశ్చిమదేశాల వారు తూర్పుదేశాలను గూర్చి ఊహించి వేసిన బొమ్మలు కొన్ని చూశాను. జలతారు, ఖడ్గాలు, ఏదో మత్తులో పడి ఉన్నవాళ్ళు. ఇతని బొమ్మలలో అవి కానరావు. ఉన్న మనిషి ఉన్నట్టు కూర్చుని ఉంటాడు.

అక్కడి వేషం ఇతని ఒంటికి అంటుకుపోయింది. పొడుగు అంగీ, తలకు బొచ్చు టోపీ. 1742లో మోల్దావియా పాలకుడు మావ్రోకొర్దాత్ యాషీ నగరానికి పిలిపిస్తే, ఆ దర్బారు ఆచారం ప్రకారం గడ్డం కూడా పెంచాడు. అది నడుమును అందుకునేంత అయింది. ఆ వాలకంతోనే 1743లో వియన్నా నగరంలో దిగాడు. నున్నగా గొరిగించుకుని, పొడి చల్లిన విగ్గు పెట్టుకునే మగవాళ్ళ మధ్య ఇతనిని చూసి ఊరంతా చెప్పుకున్నారు. తురక చిత్రకారుడనే పేరు స్థిరపడింది. ఇది వ్యాపారానికి ఎత్తుగడ అని కొందరు విమర్శకులంటారు. కావచ్చు. బోర్డు లేని వైద్యునికి గడ్డమే బోర్డు. కాని ఇంట్లో తన కోసం తాను వేసుకున్న చిత్రాలలో కూడా అదే వేషం ఉంది.

వియన్నాలో ఆస్ట్రియా మహారాణి మరియా తెరెసా ఇతనిని ఆదరించింది. ఇతని పేరు లోకంలో నిలిపిన చిత్రం కూడా అప్పటిదే. చాకొలెట్ అమ్మాయి అంటారు. ఒక పనిపిల్ల, తలకు గులాబిరంగు కుచ్చుటోపీ, ముందు తెల్లని ఏప్రాన్, చేతిలో పళ్ళెం. పళ్ళెంలో చాకొలెట్ పానీయం కప్పు, గ్లాసుతో మంచినీళ్ళు. అంతే కథ. దేవతలు లేరు, రాజులు లేరు. ఆ గ్లాసు నీళ్ళలో మాత్రం ఎదుటి కిటికీ ప్రతిబింబం కనిపిస్తుంది. ఏప్రాన్ ఇస్త్రీ మడతలు విప్పీవిప్పనట్టు గీతలుగా కనిపిస్తాయి. 1745లో దీనిని డ్రెస్డెన్ రాజుగారి సేకరణ కోసం కొన్నారు. ఇప్పుడూ డ్రెస్డెన్‌లోనే ఉంది. ఆ పిల్లను ఒక ప్రభువు పెళ్ళాడాడని కథ చెబుతారు. సినిమాకు బాగుంటుంది. అమెరికాలో ఒక చాకొలెట్ కంపెనీ వారు ఆ బొమ్మనే డబ్బాల మీద ముద్రించుకున్నారు కూడా.

ఆ చిత్రం నూనెరంగులతో వేసినది కాదు. పాస్టెల్, అంటే రంగుపొడిని జిగురుతో కలిపి ఎండబెట్టిన కడ్డీలు. బడిలో సుద్దముక్క వంటివే, ఇంకా మెత్తన. దూడతోలును సాగదీసి పలచన చేసిన పత్రం మీద వాటితో గీసి, వేలితో నలుపుతారు. పొడి తోలు నూగులో పట్టుకు నిలవాలి, అంతకుమించి దానికి ఆధారం లేదు. ఊదితే లేస్తుంది, తడిస్తే పోతుంది, అద్దం బిగించకపోతే చెయ్యి తగిలి చెరుగుతుంది. రెండువందల ఎనభై ఏళ్ళుగా అట్టి పొడి నిలిచి ఉన్నదంటే దాచినవారికి కూడా దండం పెట్టాలి. రెండవ ప్రపంచయుద్ధంలో డ్రెస్డెన్ ఊరు బూడిద అయింది గాని, చిత్రాలను ముందే కోటలకు తరలించినందున ఇది బతికింది.

ఇక ఇతని పద్ధతి. ముఖం మీద కుంచె గీత, సుద్ద గీత కనిపించకూడదంటాడు. సృష్టిలో ఎక్కడా గీతలు లేనప్పుడు బొమ్మలో ఎందుకుండాలని ఇతని వాదం. ఆ కాలపు పారిస్ ఫ్యాషన్ దీనికి నేరుగా ఎదురు. అక్కడి గొప్ప చిత్రకారులు గీత విసురులోనే సొగసు చూపేవారు. రెండవది, ఉన్నది దాచడు. నుదుటి ముడత, ముక్కు మీది చుక్క, స్ఫోటకపు గుంట, కంటికింది సంచి, అన్నీ చేరవలసిన చోట చేరతాయి. డబ్బిచ్చి కూర్చున్నవారికి ఇది నచ్చుతుందా? హోరెస్ వాల్‌పోల్ అనే ఇంగ్లీషు రచయిత ఇతనిని ఒప్పుకుంటూనే నొచ్చుకున్నాడు; పోలిక మరీ ఎక్కువై బొమ్మకు కూర్చున్నవారికి సంతోషం తక్కువవుతుందని ఆయన బాధ. అయినా 1746 తరువాత పారిస్‌లో పదిహేనవ లూయీ రాజకుటుంబం, 1753 నుంచి లండన్‌లో వేల్స్ రాజమాత ఆగస్టా, ఆమె పిల్లలు ఇతని ఎదుట కూర్చున్నారు. ఆ పిల్లలలో ఒకడే తరువాత మూడవ జార్జి రాజు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోక తప్పదు. 2015లో మా ఇంటావిడ కాలం చేసింది. గోడకు పెట్టుకోవడానికి మంచి ఫోటో లేదు. ఎప్పుడూ కెమెరాకు వెనకే ఉండేది. చివరకు పెన్షను కాగితాల కోసం ఇద్దరం కలిసి తీయించుకున్న జాయింటు ఫోటో ఒక్కటే దొరికింది. ఒక స్టూడియోకు ఇచ్చి ఆమెను విడదీసి పెద్దది చేయమన్నాను. ఆ కుర్రవాడు పాపం మంచి ఉద్దేశంతోనే కంప్యూటరులో ముడతలన్నీ తుడిచి, గడ్డం పక్కన ఉన్న పుట్టుమచ్చ కూడా తీసివేసి, నలభై ఏళ్ళ మనిషిని చేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి చూస్తే ఎవరో చుట్టపుచూపుగా వచ్చిన స్త్రీలా ఉంది. తెల్లవారి మళ్ళీ వెళ్ళి, పుట్టుమచ్చ పుట్టుమచ్చలా ఉండాలి నాయనా అని చెప్పి మరల చేయించాను. వాడికి నేనో చాదస్తపు ముసలివాడిని.

మూడేళ్ళకు, 2018లో, హాలండులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి నన్ను కొన్నాళ్ళు అక్కడికి తీసుకువెళ్ళాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్‌మ్యూజియం అని పెద్ద ప్రదర్శనశాల ఉంది. అందరూ రెంబ్రాంట్ చిత్రాల ఎదుట గుంపులు కట్టారు. కాళ్ళు లాగి నేను ఒక పక్క గదిలో చతికిలబడ్డాను. ఎదుట ఒక చిన్న చిత్రం. ఒక డచ్చి అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని కాఫీపాత్ర కుళాయి జాగ్రత్తగా తిప్పుతున్నది. అంతకుమించి ఏమీ లేదు. వేడి కాఫీ చిమ్మకుండా మా ఇంట్లో ఫిల్టరు దగ్గర అదే జాగ్రత్త చూసేవాడిని. కింద ఉన్న చీటీ చదివితే పేరు లియోతార్. అప్పటినుంచి ఇతనిని గురించి దొరికినది దొరికినట్టు చదువుతూ వచ్చాను. ఆ చిత్రం, ఇందాక చెప్పిన పాన్సన్‌బీ వంశంలోనే 240 ఏళ్ళకు పైగా ఉండి, 2016లో వేలానికి వస్తే మ్యూజియం వారు కొన్నారట.

హాలండుకు ఇతనికి ఇంకో బంధం ఉంది. 1755లో అక్కడికి వెళ్ళి, మరుసటి ఏడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఫ్రెంచి వర్తకుని కూతురు మరీ ఫార్గ్‌ను పెళ్ళిచేసుకున్నాడు. అప్పటికి ఇతని వయసు యాభై మూడు. పెళ్ళికి పదమూడేళ్ళ గడ్డం తీయించుకున్నాడు. మహారాణులు చెప్పినా తీయని గడ్డం అని నేనంటే అది నా కల్పన అవుతుంది గాని, ఇల్లాలి కోసం తీశాడన్నది నిజం. తరువాత జెనీవాకు తిరిగి వచ్చి ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డాడు. పిల్లలు పుట్టారు.

1762లో మళ్ళీ వియన్నా వెళ్ళాడు. నా దృష్టిలో ఇతని జీవితంలోకెల్లా పెద్ద పని ఈ ప్రయాణంలోనే జరిగింది. మహారాణి మరియా తెరెసా పదహారుగురు పిల్లలను కన్న తల్లి. వారిలో పదకొండుమందిని ఇతను చిన్న కాగితాల మీద విడివిడిగా గీశాడు. నల్ల సుద్ద, ఎర్ర సుద్ద, కాస్త నీటిరంగు. పలచని కాగితానికి వెనుకవైపు కూడా రంగు పులిమాడు, ముందుకు తేలి వచ్చి బుగ్గలు ఊపిరితో ఉన్నట్టు కనబడాలని. కిరీటాలు లేవు. ఒకరు చదువుతూ, ఒకరు ఏదో పనిలో. ఏడేళ్ళ చిన్నపిల్ల చేతిలో దారం చుట్టే కండె. ఆ చిన్నదే మరీ ఆంత్వానెత్, తరువాత ఫ్రాన్సుకు రాణి.

ఆ తల్లి ఈ కాగితాలను ప్రయాణాలలో కూడా తన వెంట పెట్టుకునేదట. ఎందుకో తేదీలు చూస్తే తెలుస్తుంది. ఆ ఏడాది డిసెంబరు 23న పన్నెండేళ్ళ యోహానా స్ఫోటకంతో పోయింది. 1767లో యోసెఫా అదే వ్యాధితో పోయింది. పదహారేళ్ళది. అదే ఏడు, అందగత్తె అని పేరుపొందిన ఎలిజబెత్ ముఖమంతా స్ఫోటకపు గుంటలు పడి ఇక పెళ్ళి లేకుండా ఉండిపోయింది. ఇతను గీసింది ఆ గుంటలు పడకముందరి ముఖం. దర్బారు చిత్రకారులు వేసిన నిలువెత్తు పటాలు ఆ పిల్లలవి చాలా ఉన్నాయి. వాటిలో ఎవరు ఎవరో చీటీ చూడందే నాకు తెలియదు. మహారాణి ఈ ముసలి తురక చిత్రకారుని మీద అభిమానంతో 1763లో పుట్టిన అతని కూతురికి పేరింటితల్లిగా నిలిచి తన పేరే ఇచ్చింది.

1773లో, డెబ్భై ఏళ్ళు నిండిన తరువాత, మళ్ళీ లండన్ ప్రయాణం. అక్కడ చేసిన ఒక పని మన ఆఫీసు వాళ్ళకు నచ్చుతుంది. 1754లో వేసిన పాస్టెల్ ఒకటి ఉంది. లియోం నగరంలోని లావెర్న్ కుటుంబపు స్త్రీ, జుట్టుకు కాగితపు చుట్టలు కట్టుకున్న చిన్నపిల్ల, ఉదయపు కాఫీ తాగుతూ. పిల్ల రొట్టెముక్కను కప్పులో ముంచుతుంటే ఆమె కప్పు ఒరగకుండా చూస్తోంది. దానిని పాన్సన్‌బీ రెండువందల గినీలకు కొన్నాడు. పంతొమ్మిదేళ్ళ తరువాత అదే చిత్రాన్ని గీతకు గీత నూనెరంగులలో మళ్ళీ వేశాడు. ట్రూ కాపీ. ధ్రువీకరణ సంతకం ఒక్కటే తక్కువ. 2023లో లండన్ నేషనల్ గ్యాలరీ వారు రెండింటినీ పక్కపక్కన పెట్టి ప్రదర్శించారు.

1777లో డెబ్భై నాలుగేళ్ళవాడు పెద్దకొడుకును వెంటబెట్టుకుని మూడవసారి వియన్నా వెళ్ళాడు. గుర్రపుబండ్ల మీద ఆల్ప్స్ పక్కగా ప్రయాణం. మనం డెబ్భై దాటాక లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ట్రెజరీకి పోవాలంటేనే ఆటో బేరం ఆడుకుంటాం. తరువాత నగరం విడిచి కోన్ఫిన్యోం అనే పల్లెకు మకాం మార్చాడు. 1780లో మహారాణి పోయింది. 1782లో భార్య పోయింది. బొమ్మకు కూర్చునేవారు తగ్గారు. ఫ్యాషన్ మారింది. పెన్షను అనేది లేదు. 1781లో చిత్రకళా సూత్రాల మీద ఒక పుస్తకం అచ్చువేయించాడు. అందులో పాత వాదమే, ఇంకా గట్టిగా. కళ తెలియని మామూలు మనిషి కన్ను బొమ్మ సహజంగా ఉన్నదీ లేనిదీ బాగా చెప్పగలదని కూడా ఇతని నమ్మకం. ఆ మాట నాబోటివానికి ధైర్యం.

కూర్చునే మనుషులు లేనప్పుడు ఏమి చేశాడు? బల్ల మీద పళ్ళు పెట్టుకున్నాడు. పేరుపళ్ళు, అంజూరాలు, రేగుపళ్ళవంటివి కొన్ని, ఒక రొట్టె, ఒక కత్తి. 1782 నాటి ఆ పాస్టెల్‌లో పేరుపళ్ళ మీది మచ్చలు కూడా ఉన్నాయి. ఎనభయ్యో పడిలో, అలవాటు తప్పకుండా, పండుకు కూడా గుర్తింపు చిహ్నాలు రాశాడు. ఇంకొకటి టీ పళ్ళెం. అది ఇప్పుడు అమెరికాలో ఉంది. చుట్టాలు టీ తాగి వెళ్ళిపోయారు. కప్పులు చిందరవందర, ఒక కప్పు బోర్లాపడి, చెంచాలు ఎటువంటివి అటు, అడుగున మిగిలిన టీ. ఎవరూ ఇంకా పళ్ళెం తీయలేదు. ఆవిడ పోయిన తరువాత మా ఇంట్లో మధ్యాహ్నం మూడుగంటల వేళ ఇలాగే ఉండేది. మొదటిసారి ఆ చిత్రం పుస్తకంలో చూసినప్పుడు పేజీ తిప్పడానికి కాస్త సమయం పట్టింది.

1789 జూన్ 12న లియోతార్ జెనీవాలో మరణించాడు. ఎనభై ఆరేళ్ళు. మరో నెలకు, జూలై 14న, పారిస్‌లో బాస్టీలు కోట కూలింది. కండె పట్టుకు కూర్చున్న ఆ ఏడేళ్ళ పిల్లను 1793లో గిలెటిన్ ఎక్కించారు. ఆ పిల్లల చిత్రాలు ఇప్పుడు జెనీవా మ్యూజియంలో ఉన్నాయి. పెద్దకొడుకు ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థిరపడగా, అతని వంశీకులు దాచుకున్న చిత్రాలను 1873లోను, 1885లోను రైక్స్‌మ్యూజియానికి రాసి ఇచ్చారు. ఒక జెనీవా వాని బొమ్మలు అంతగా హాలండులో ఉండటానికి కారణం ఇదే. కొడుకులు ఎక్కడ ఉద్యోగం చేస్తే పటాలూ అక్కడికే పోతాయి.

మరచిపోయాను. ఇతను తన ముఖాన్ని జీవితాంతం వేసుకుంటూనే ఉన్నాడు. వాటిలో 1770 ప్రాంతంలోనిది ఒకటి నవ్వుతున్న చిత్రం. పక్కకు వేలు చూపిస్తూ నోరు తెరిచి నవ్వుతాడు. పళ్ళు ఊడిన చోటు నల్లగా సందు కనిపిస్తుంది. పెద్దమనుషుల చిత్రాలలో నోరు తెరవడమే మర్యాద కాని రోజులలో.

ఈ వ్యాసంతో పాటు వేయడానికి నా ఫోటో ఒకటి పంపమని సంపాదకులు కోరారు. పై పలువరుసలో ముందు రెండు పళ్ళు లేవు, కట్టించుకున్న తరువాత పంపుతానని మొదట కబురు చేశాను. నిన్న ఆ మాట మార్చుకుని, ఉన్నదే పంపించాను.